ఉండుటయు బ్రతుకుటయు

మనుష్యుడు ప్రాణముతో నున్నాడని చెప్పుటకును, అతడొకచోట ఇల్లు కట్టుకొని యున్నాడని చెప్పుటకును ఒక్క మాట చాలునా, రెండు మాటలు కావలెనా యను ప్రశ్న పైకి వ్యాకరణ సంబంధమైనదిగా గనబడును గాని, లోతుగా తరచి చూచినచో నది ధర్మమునకును తత్త్వమునకును చెందిన ప్రశ్నయై నిలుచును. ఐరోపా భాషలు దీనికి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున సమాధానము చెప్పుకొన్నవి. మన తెలుగును, తెలుగునకు ఇరుగుపొరుగై అడవిలో వినబడు కోయమాటయు తమ తీరున తాము చెప్పుకొన్నవి. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలోనుండి, 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ములకలపల్లి, ఈ సమాధానములను పరీక్షించుటకు తగిన చోటు. ఏలయన నచ్చట ఎక్కడ నుండవలె ననునదియు ఎట్లు బ్రతుకవలె ననునదియు రెండు ప్రశ్నలుగా ఎన్నడును విడివడి రాలేదు. ఈ సంవాదమున మాటలాడువా రిరువురు: తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న మాస్టారొకరు, ఆయన శిష్యురాలై, నేడు గిరిజన ఆశ్రమ పాఠశాలలో పాఠములు చెప్పుచున్న కోయ యువతి మరియొకరు.

ఉపాధ్యాయిని: మాస్టారూ, మా గూడెములో ఒక అవ్వకు అటవీహక్కుల దరఖాస్తు నింపుచు నేను చిక్కుపడితిని. నివాసమునకై ఎంత భూమి, స్వయంసాగునకై ఎంత భూమి అని అందులో వేర్వేరు గడులున్నవి. మొదటి గడి చదివి అడిగితిని. "ఈడనే ఉన్నం బిడ్డా" అన్నది. రెండవది అడిగితిని, మరల "ఈడనే ఉన్నం" అన్నది. నేను విడమరచి చెప్పబోగా ఆమె నన్ను ఇంటి వెనుకకు తీసికొనిపోయినది. అక్కడ ఇప్పచెట్టు, దాని క్రింద ఊడ్చి చదును చేసిన నేల. ఎండకాలమున తెల్లవారకముందే లేచి, రాత్రి రాలిన పూవును గంపకెత్తి, వాకిట ఎండబోయుదురు. చెట్టు దాటగనే పోడు, పోడు దాటగనే తునికాకునకు పోవు బాట. ఇందులో ఇల్లెక్కడ ముగిసినది, తిండి ఎక్కడ మొదలైనది, నీవే గీత గీయుమన్నది. లోపము ఆమె మాటలో నున్నదా, ఆ గడులలో నున్నదా?

మాస్టారు: తీర్పునకు ముందు సాక్షులను పిలుతమమ్మా. ఇంగ్లీషువారు 'లివ్' అను ఒక్క క్రియతోనే "వాడు బ్రతికియున్నాడు" అనియు, "వాడు లండనులో కాపురమున్నాడు" అనియు చెప్పుదురు. రష్యనుల 'జీత్', స్పెయినువారి 'బివీర్' కూడ అట్లే రెండు పనులను చేయును. జర్మనులట్లు కాదు, ప్రాణముతో నుండుటకు 'లేబెన్', ఇంటిలో నుండుటకు 'వోనెన్' అని రెండు క్రియలు పెట్టుకొన్నారు. స్వీడనువారికి 'లేవా', 'బూ' అనియు, ఇటలీవారికి 'వీవెరే', 'అబితారే' అనియు, ఇండో-యూరోపియను భాషా కుటుంబమునకు బయటనున్న హంగేరీవారికి 'ఏల్', 'లకిక్' అనియు ఈ భేదము కలదు. జర్మను మాటాడువాడును ఒక్కొక్కప్పుడు "బెర్లినులో జీవించుచున్నాను" అని మొదటి క్రియనే వాడును. అప్పుడతడు చెప్పునది ఇంటి చిరునామా కాదు, తన జీవితము గడచుచున్న చోటు.

ఉపాధ్యాయిని: అట్లయిన విడదీసినవారు ఇంటిని వట్టి గోడలుగను, కలిపినవారు దానిని ప్రాణముగను చూచుచున్నారని చెప్పవచ్చునా?

మాస్టారు: చెప్పరాదు. రష్యను భాషయు పోలండు భాషయు ఒక తల్లి బిడ్డలే. రష్యను రెంటిని కలిపినది. పోలండు భాష 'మియెష్కాచ్' అను వేరు క్రియను నివాసమునకు కేటాయించినది. ఈ రెండు జాతులలో నొకటి ఇంటిని తక్కువగా ప్రేమించుచున్నదని ఎవ్వరనగలరు? ఒక భాషలో ఒక మాట లేనంతమాత్రమున ఆ భావము ఆ జనుల మనస్సులో లేదనుట తొందరపాటు. వియన్నాలో పుట్టి, జర్మను మాతృభాషగా పెరిగిన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1941 ప్రాంతమున గోదావరి కొండలకు వచ్చి, కొండరెడ్ల నడుమ మకాముండి, వారినిగూర్చి 1945లో గ్రంథము ప్రకటించెను. రిజర్వు అడవి హద్దులు పోడుకొండలపై పడినప్పుడు ఆ జనుల బ్రతుకునకే ముప్పు వాటిల్లినదని గుర్తించి, నిజాము ప్రభుత్వమునకు విన్నవించినవారిలో నతడొకడు. రెండు క్రియలు గల భాషలో పుట్టినందున నతనికి ఆ రెంటి సంబంధము కనబడకపోలేదు. మాట మన చూపునకు దారి చూపునే గాని, కన్నులకు గంతలు కట్టదు.

ఉపాధ్యాయిని: మాట ప్రమాణము కానప్పుడు, ఇన్ని భాషల మాటలను పోగుచేసి ప్రయోజనమేమి?

మాస్టారు: ప్రమాణము కాదంటిని గాని సాక్షి కాదనలేదు. ఈ క్రియల పుట్టుక చూడుము. 'లివ్', 'లేబెన్' అనువాని మూలార్థము అంటుకొనుట, అతుకుకొనుట అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన లేపనమునకు మూలమైన 'లిప్' ధాతువు వానికి బంధువు. నిలిచియుండుట అను అర్థముగల జర్మను 'బ్లైబెన్' ఆ మూలమునుండియే వచ్చినది. అనగా, ఆ జనుల ప్రాచీన భావనలో బ్రతుకుట యనగా జారిపోక అంటిపెట్టుకొని మిగిలియుండుట. 'వోనెన్' అలవాటుపడుట యను అర్థముగల మాటలకు తోబుట్టువు. ఏ చోటు మనకు అలవడినదో అదియే ఇల్లు. లాటినులో నివసించుటకు 'హబితారే'. అది పట్టుకొనుట, కలిగియుండుట అను అర్థముగల 'హబేరే' నుండి పుట్టినది. స్వీడనువారి 'బూ'కును, ఇల్లు కట్టుట యను అర్థముగల జర్మను 'బౌఎన్'కును మూలము, మన 'భూ' ధాతువునకు మూలమైనదే. భవించుటయు, భవనమును మన సంస్కృతమున ఒక్క వేరునుండి మొలచినట్లే యక్కడను జరిగినది. 1951లో జర్మను తత్త్వవేత్త హైడెగ్గర్ డార్మ్‌స్టాట్ నగరమున చేసిన ప్రసంగములో ఈ బంధుత్వమునే ఆధారముగా గొని, మనుష్యుడు భూమిపై నుండు తీరే నివాసమని ప్రతిపాదించెను.

ఉపాధ్యాయిని: 'జీవ' శబ్దమునకు అక్కడ చుట్టములు లేరా?

మాస్టారు: లేకేమి! లాటిను 'వీవుస్', రష్యను 'జీవోయ్', లిథువేనియను 'గీవస్', ఐర్లండువారి 'బ్యో', గ్రీకుల 'బియోస్' అన్నియు మన జీవశబ్దముతో ఏకోదరములు. ఇంగ్లీషులో నేడు వేగవంతమని అర్థమిచ్చు 'క్విక్' అను మాటకు పూర్వము ప్రాణముగలది యని అర్థము. అదియు నీ కుటుంబములోనిదే. రష్యనులో 'జివోత్' అనగా నేడు కడుపు. అదే మాట సెర్బియనులో 'జీవోత్' అనగా జీవితము. ప్రాణమును, కడుపును ఒక్క మాట మోసినది చూచితివా! సంస్కృతమున జీవనమనగా బ్రతుకు మాత్రమే కాదు, నీరు కూడ. వనమనగా అడవి మాత్రమే కాదు, నీరు కూడ. కిన్నెరసాని పారు అడవిలో నుండువారికి ఈ శ్లేషను వ్యాఖ్యానించి చెప్పనక్కరలేదు. ఇంకొక విశేషము వినుము. ఇంగ్లీషులో 'ఈజ్' అనునది మన 'అస్తి'కి బంధువు. 'బీ' అనునది 'భూ'కు బంధువు. గతకాలమును తెలుపు 'వాజ్' అనునది మన వాసమునకు, నివాసమునకు మూలమైన 'వస్' ధాతువునకు బంధువు. ఉన్నదని చెప్పు క్రియలోనే నివాసము కలిసిపోయినది.

ఉపాధ్యాయిని: మా మాటలోనిది నేను చెప్పెదను. కోయలో 'మన్' అను ధాతువునకు ఉండుట, నిలిచియుండుట అని యర్థము, గోండులోను అంతే. నాకు తెలిసినంతలో తెలుగులోని మనుట, మనుగడ, మనికి యనునవి దానికి స్వంత బంధువులు.

మాస్టారు: నిజము. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి కోశమున ఇవి యొక్క పద్దు క్రిందనే యున్నవి. పెండ్లికి మనము 'మనువు' అని పేరు పెట్టుటయు ఇందునుండియే. కలిసి మనుటయే మనువు.

ఉపాధ్యాయిని: ఇంటికి మేము 'లోను' అందుము, మీ తెలుగు 'లోన'యే అది. మాకు ఇల్లనగా కట్టడము కాదు, లోపలి చోటు. ఇప్పుడొక సంతోషము నాలో పొంగుచున్నది మాస్టారూ. లాటినులో నిలుచుటకు 'మనేరే' అను క్రియ యున్నదనియు, ఫ్రెంచివారు ఇంటికి చెప్పు 'మేజో' దానినుండియే వచ్చినదనియు చదివితిని. మా 'మన్'కును రోమనుల 'మనేరే'కును ధ్వని యొకటి, అర్థమొకటి. మావారును వారును ఏనాడో ఒక్క గూడెమువారై యుండవలెను!

మాస్టారు: అక్కడ నిలువుము తల్లీ! ఈ సంతోషమే ఎందరో పండితులను తప్పుదారి పట్టించినది. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో సంస్కృతమును, గ్రీకును, లాటినును ఒక మూలమునుండి వచ్చినవని చాటుటకు ఒక్క మాట పోలిక చాలలేదు. క్రియల మూలములను, వ్యాకరణ రూపములను ఆధారము చేసికొనవలసి వచ్చెను. 1816లో ఎల్లిస్ తెలుగును సంస్కృతజన్యము కాదని, తమిళ కన్నడములతో చేరినదని నిరూపించినప్పుడును ధాతువులను వరుసగా పోల్చి చూపెను. రెండు భాషలలో రెండు చిన్న మాటలు ఒకటిగా వినబడుట కాకతాళీయముగను జరుగును. 'మన్'కును 'మనేరే'కును నెత్తురు సంబంధమున్నదనుటకు ఆధారము లేదు.

ఉపాధ్యాయిని: నెత్తురు సంబంధము లేదన్నచో పోలిక వ్యర్థమేనా?

మాస్టారు: కాదు, అప్పుడే దాని విలువ హెచ్చును. చుట్టములు ఒకే మాట చెప్పిన అది యింటి అలవాటు కావచ్చును. ఒకరినొకరు ఎరుగని ఇరువురు సాక్షులు ఒకే మాట చెప్పినచో న్యాయాధిపతి చెవి యొగ్గును. టైబరు నది యొడ్డున నొక జాతియు, గోదావరి యొడ్డున నొక జాతియు, పరస్పరము తెలియకయే, నిలుచుట యను భావమునుండి ఇంటిని, బ్రతుకును పేర్కొన్నవి. ఇది మనుష్యుని స్థితిని గూర్చిన సాక్ష్యము. ఇంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి కలదు. జీవనోపాధికి ఇంగ్లీషులో 'లైవ్లీహుడ్' అందురు గదా. దాని పాతరూపము 'లీఫ్‌లాద్'. 'లీఫ్' అనగా బ్రతుకు, 'లాద్' అనగా దారి. మన పల్లెలలో చదువురాని ముసలమ్మయు పలుకు మాట ఏమి?

ఉపాధ్యాయిని: బతుకుతెరువు! తెరువన్నను దారియే గదా. ఎవ్వరును ఎవ్వరివద్దను అరువు తెచ్చుకొనలేదు.

మాస్టారు: తెచ్చుకొనలేదు. తెలుగులో బ్రతుకు అను మాట ఎంత విశాలమైనదో చూడుము. కన్నడిగుల 'బదుకు' దానికి తోబుట్టువు. ప్రాణముండుట బ్రతుకు; పొట్టపోసికొనుట బ్రతుకు; జీవితమంతయు కలిపి బ్రతుకు. అంతటితో ఆగదు. "బతికి చెడ్డ కుటుంబము" అందుము. అచ్చట బ్రతుకనగా కలిమితో, మర్యాదతో నుండుట. ఆ కుటుంబమువారు ఊపిరి పీల్చుచునే యున్నారు, అయినను బ్రతుకు ముగిసినదని లోకము చెప్పుచున్నది. అరిస్టాటిలు తన రాజనీతి గ్రంథమున, బ్రతుకుటకై ఏర్పడిన సమాజము, బాగుగా బ్రతుకుటకై నిలుచునని చెప్పి, బ్రతుకును, మేలైన బ్రతుకును రెండు మెట్లుగా చూపెను. తెలుగుమాట ఆ రెండు మెట్లను ఒకటిగా చేసి, మేలుగా లేనిది బ్రతుకే కాదన్నది. రోమనులు సమాధులపై మృతుడు ఇన్నేండ్లు "జీవించెను" అని చెక్కెడివారు. క్రీస్తుకు పూర్వము 63లో కుట్రదారులకు మరణశిక్ష అమలైన పిమ్మట సిసెరో వారు చచ్చిరని చెప్పక, "జీవించిరి" అను ఒక్క మాట పలికెనని ప్లూటార్కు వ్రాసెను. బ్రతుకు ముగిసిన తరువాతనే బ్రతుకు క్రియ పూర్తియగునని వారి భావము.

ఉపాధ్యాయిని: కాని తెలుగులోనే దానికి విరుద్ధమైన సామెతయు కలదు గదా, బతికుంటే బలుసాకు తినవచ్చునని.

మాస్టారు: అవును. అన్నియు పోయినను ప్రాణము మిగిలిన చాలునని దాని తాత్పర్యము.

ఉపాధ్యాయిని: అన్నియు పోయినవానికి మిగిలినది బలుసాకని చెప్పినవారు పొలములు గలవారై యుందురు మాస్టారూ. మాకు బలుసాకు కూర. వానలు పడగనే పిల్లలు పొదలలో దానికై తిరుగుదురు. ఇప్పపూవు మాకు కరువునాటి తిండి మాత్రమే కాదు, పండుగనాటి వేల్పునకు నైవేద్యమును. మీ దీనస్థితి మా మామూలు భోజనమైనప్పుడు, ఏది వట్టి బ్రతుకు, ఏది మేలైన బ్రతుకు అని గీత గీయువారెవరు?

మాస్టారు: ఈ ప్రశ్నకు నావద్ద సిద్ధముగా సమాధానము లేదమ్మా. అరిస్టాటిలు నగరములో కూర్చుండి గీత గీసెను. ఆ గీతను ఎవరి వాకిట వారే గీసికొనవలెనని నీవనుచున్నావు. ఒప్పుకొందును. అయితే నీవు మొదట అడిగిన ప్రశ్నకు నీ సమాధానమేమి?

ఉపాధ్యాయిని: అవ్వ మాటలో లోపము లేదు. మన చట్టములు కూడ క్రమముగా ఆమె మాటకే వచ్చి చేరుచున్నవి. బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్న పేదలను తొలగింపబోయినప్పుడు, ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున 1985లో సుప్రీంకోర్టు, రాజ్యాంగములోని 21వ అధికరణము కాపాడు ప్రాణములో జీవనోపాధియు చేరియున్నదని తీర్పు చెప్పినది. బ్రతుకుతెరువు మూసి బ్రతుకు మిగిల్చితిమనుట చెల్లదని దాని సారము. 2006 నాటి అటవీహక్కుల చట్టము మూడవ సెక్షనులో, అడవి భూమిని పట్టుకొని, అందులో ఉండి బ్రతుకు హక్కు అని చెప్పి, నివాసమును, స్వయంసాగును, జీవనోపాధిని ఒక్క వాక్యమున కూర్చినది. మీరు చెప్పిన లాటినులోని పట్టుకొనుట, ఇంగ్లీషులోని అంటియుండుట రెండును అందున్నవి. అవ్వకు రెండు గడులలోను కొలతలు వ్రాసితిని. అవి ప్రభుత్వపు లెక్కకు కావలెను. కాని రెండును ఒకే చోటి కొలతలని ఆమెకును తెలియును, నాకును తెలియును.

మాస్టారు: అట్లయిన ఉండుట, బ్రతుకుట అను రెండు మాటలను విడదీసిన జర్మనులది వ్యర్థమైన శ్రమ యందువా?

ఉపాధ్యాయిని: లేదు, అక్కడనే నాకు కొత్త వెలుగు తోచినది. మా అడవిలో గుత్తికోయలున్నారు గదా. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టులకు ఎదురుగా లేచిన సల్వాజుడుం పేరిట కలహము రేగినప్పుడు, గూడెములు ఖాళీయై, బస్తరు దిక్కునుండి గోదావరి ఇవతలికి వచ్చినవారు. వారి మాట మా మాటకు చుట్టమే. వారికిని 'మన్' అనగా ఉండుటయే. సల్వాజుడుంను 2011లో సుప్రీంకోర్టు చట్టవిరుద్ధమన్నది; వచ్చినవారిలో పలువురు ఇచ్చటనే యుండిపోయిరి. వారు మిరప తోటలలో కూలికి పోవుదురు, అడవి నడుమ ఆకుకప్పు గుడిసెలు వేసికొందురు, పిల్లలను కందురు. అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి భూమి పట్టుకొనియున్నవారికే హక్కు నిచ్చును. ఆ తేదీ తరువాత వచ్చినవారు బ్రతికియున్నారని అందరును ఒప్పుకొందురు. ఇక్కడ ఉన్నారని మాత్రము ఏ కాగితమును ఒప్పుకొనదు. వారి స్థితిని చెప్పుటకు నాకు రెండు మాటలు కావలసివచ్చినవి. వారికి ప్రాణమున్నది, ఉనికి లేదు.

మాస్టారు: గట్టి మాట చెప్పితివి. రెంటిని కలిపిన మాట, అవి ఎట్లుండవలెనో చెప్పును. విడదీసిన మాట, అవి యెక్కడ తెగినవో చూపును. నీ అవ్వ మాట ఆదర్శము. జర్మను మాట ఆ ఆదర్శము చెడినచోటును చూపు గుర్తు. ఏ భాషయు ఈ రెంటిలో నొకదానితోనే సరిపెట్టుకొనదు. ఇంగ్లీషువారికి నివాసమునకు వేరుమాటలున్నవి. జర్మనులకు రెంటిని కలుపు వాడుకయు నున్నది. మనకు ఉండుటయు, బ్రతుకుటయు, కాపురమును, మనుగడయు అన్నియు నున్నవి. భాషకు సంపద కొరవడలేదు.

ఉపాధ్యాయిని: కొరవడినది మనకేనా మాస్టారూ? ఈ అడవిలోనే రెండు న్యాయములున్నవి. పోలవరము జలాశయమునకై 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలములను ఆంధ్రప్రదేశమున చేర్చిరి. అక్కడి మా బంధువులకు పునరావాసమని వేరొకచోట ఇండ్లు చూపుచున్నారు. ఇల్లు మారిన బ్రతుకు మారదని తలచినవారే అట్టి లెక్క వేయగలరు. గోడలు కట్టి యిచ్చినను, ఇప్పచెట్టు, చేపల రేవు, వేల్పుల గుట్ట కట్టియిచ్చువారెవరు?

మాస్టారు: అయితే మనుష్యుడు పుట్టినచోటనే కట్టుబడి యుండవలెనా? చదువునకై నీవును గూడెము విడిచి వసతిగృహమున నుంటివి గదా.

ఉపాధ్యాయిని: ఉంటిని, అక్కడను బ్రతికితిని. కాని నేను నా ఇష్టముతో పోయితిని, తిరిగివచ్చుటకు దారి యుండినది. కదలుటలో దోషము లేదు, కదలించుటలోనే యున్నది. మా పెద్దలు పోడు మార్చుచు గుట్టనుండి గుట్టకు నడచినవారే. అంటియుండుట యనగా చెట్టువలె నాటుకొనుట కాదు. విడువవలెనా, నిలువవలెనా యను తీర్పు తన చేతిలో నుండుట. ఆ తీర్పు ఇతరుల చేతికి పోయిన నాడే ఉండుటయు బ్రతుకుటయు విడిపోవును.

మాస్టారు: ఇంతసేపు భాషల నడుమ వెదకినదానిని నీవు ఒక్క వాక్యమున తేల్చితివి. నేను దానికి చేర్చదగినది ఒక్కటే. మాటల చరిత్ర మనకు హక్కులనీయదు, పట్టాలు వ్రాయదు. అది ఒక బాధ్యతను మాత్రము గుర్తుచేయును. తరగతిలో పిల్లలకు ఈ క్రియలను నేర్పునప్పుడు, మొదట వారి మాటలోని 'మన్' నేర్పుము. ఆపైన తెలుగు మనుగడ, ఆపైన ఇంగ్లీషు 'లివ్'. తమ మాట పెద్ద భాషల సరసన నిలువదగినదని వారు తెలిసికొందురు. గుత్తికోయ పిల్లలు నీ బడికి వత్తురా?

ఉపాధ్యాయిని: కొందరు వత్తురు. మొదటి దినమున ఏ ఊరివారని అడుగుదుము. కొందరు విడిచివచ్చిన ఊరి పేరు చెప్పుదురు, కొందరు ఇప్పటి గుడిసెలున్న వాగు పేరు చెప్పుదురు. హాజరుపట్టీలో మేము రెండును వ్రాసికొందుము.

మాస్టారు: వ్రాయవలసినది అట్లే. ఎదుటివాడు బ్రతికియున్నాడని ఒప్పుకొన్న క్షణమే, అతడెక్కడ ఉండవలెనను ప్రశ్నకు మనమును ఉత్తరవాదులమగుదుము. మొదటిదానికి తలయూచి, రెండవదానికి మొగము త్రిప్పుకొనుట ఏ భాషలోను న్యాయమనిపించుకొనదు.